కదలని తెర ఉన్న కెమెరాతో నేల మట్టం నుంచి, తల పైనుంచి ఫొటోలు తీయడం ఎలా?

కెమెరా వెనుక తెర ఒంటికి బిగించి ఉండి, పైకి లేవకుండా, పక్కకు తిరగకుండా ఉంటే, నిలబడి కంటి ఎత్తులో తీసే ఫొటోలకు దాని వల్ల ఏ లోటూ రాదు. నేలకు బెత్తెడు ఎత్తున ఉన్న పుట్టగొడుగును దాని గొడుగు కిందినుంచి చూపించాలనుకున్నప్పుడు, జనం తలల మీదుగా అవతలి వేదికను పట్టుకోవాలనుకున్నప్పుడు, ట్రైపాడ్ మీది కెమెరాను నడినెత్తిన ఉన్న నక్షత్రాల వైపు తిప్పినప్పుడు మాత్రం ఫ్రేములో ఏముందో చూసుకోవడమే పెద్ద పని అవుతుంది. చాలామంది ఈ దశలోనే కెమెరా మార్చాలన్న నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ అవసరం చాలా తక్కువ సందర్భాల్లోనే ఉంటుందని నా నమ్మకం. కెనాన్ ఈఓఎస్ 5డీ మార్క్ 4, నికాన్ డీ810, ఫుజీఫిల్మ్ ఎక్స్-ప్రో2, రికో జీఆర్ 3, లైకా ఎం11 వంటి సమర్థమైన కెమెరాలన్నీ కదలని తెరతోనే వచ్చాయి కాబట్టి ఇది చవక కెమెరాలకే పరిమితమైన ఇబ్బంది కాదు. కన్ను చేరలేని చోటి నుంచి చూపును మన దగ్గరికి తెచ్చుకునే మార్గాలు అరడజను దాకా ఉన్నాయి. ఖర్చు లేనివాటితో మొదలుపెట్టి, ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎక్కడ మొరాయిస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి అడుగు: తెర ఎటు తిరుగుతుందో గమనించండి

లెన్సు ఎటు చూస్తే తెర దానికి సరిగ్గా వ్యతిరేక దిక్కుకు చూస్తుంది. కెమెరాను నేలమీద పెట్టి లెన్సును పైకెత్తితే తెర నేలవైపు వాలిపోతుంది. పైన ఉన్న మీ కంటికి అది మరింత అందకుండా పోతుంది. కెమెరాను తలపైకి ఎత్తి లెన్సును కిందికి వంచితే తెర ఆకాశం వైపు తిరుగుతుంది. కింద ఉన్న మీకు దాని అంచు తప్ప ఏమీ కనిపించదు. అంటే కెమెరా ఎంత ఎత్తులో ఉందన్నది ఒక్కటే లెక్కలోకి రాదు. ఆ ఎత్తుతో పాటు వచ్చే వంపు తెరను మీ నుంచి మరికాస్త దాచేస్తుంది. దీనికి తిరగబడిన సందర్భం కూడా ఉంది. కెమెరా నేలకు దగ్గరగా ఉన్నా లెన్సు కిందికే చూస్తుంటే, ఉదాహరణకు రాలిన ఆకులను నిట్టనిలువుగా పైనుంచి తీస్తుంటే, తెర మీవైపే తిరిగి ఉంటుంది కాబట్టి ఏ సాధనమూ అక్కర్లేదు.

అందుకే సాధనం కోసం వెతకడానికి ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. మీరు తీయబోయేది కదులుతుందా, కదలకుండా ఉంటుందా? కెమెరా మీ చేతిలో ఉంటుందా, లేక ట్రైపాడ్ మీదో నేలమీదో స్థిరంగా ఉంటుందా? కదలని వస్తువు, స్థిరమైన కెమెరా అయితే కింద చెప్పబోయే మార్గాలన్నీ పనికొస్తాయి. పరుగెత్తే పిల్లవాడు, చేతిలోని కెమెరా అయితే దృశ్యం ఆలస్యంగా చేరే ఏ మార్గమూ నిలబడదు; అప్పుడు కాంతితో నేరుగా పనిచేసే సాధనాలు, లేదా చూడకుండానే తీసే నేర్పు మాత్రమే మిగులుతాయి.

రెండో అడుగు: ఉన్న తెరనే ఏటవాలుగా చదవడం నేర్చుకోండి

ఇటీవలి కెమెరాల తెరలు చాలావరకు పక్కనుంచి చూసినా బొమ్మను చూపిస్తాయి. లైవ్ వ్యూ (లెన్సు చూసే దృశ్యాన్ని అప్పటికప్పుడు తెర మీద చూపే పద్ధతి) పెట్టి, తెర వెలుగును గరిష్ఠానికి పెంచి, కెమెరాను మోకాలి ఎత్తులో పట్టుకుని పైనుంచి చూడండి. రంగులు, వెలుగునీడలు నిజంగా ఉన్నట్టు కనిపించవు గానీ, ప్రధాన వస్తువు ఎక్కడుందో, అంచుల్లో అక్కర్లేనిది ఏదైనా చొరబడిందో తెలుసుకోవడానికి అది చాలు. ఏటవాలు తెరను చూసి ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఎంత వెలుగు కావాలన్నది) మాత్రం ఎప్పుడూ నిర్ణయించకండి. తెరను ఏ వైపు నుంచి చూస్తున్నారన్న దాన్ని బట్టి ఒకే ఫొటో వెలిసిపోయినట్టుగానో, చీకటిగానో కనిపిస్తుంది. ఒక ఫ్రేము తీసి, కెమెరాను చేతిలోకి తెచ్చుకుని, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే పటం) చూసి సరిచేసుకోవడమే నమ్మదగిన పద్ధతి.

ఎండలో పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు పెట్టుకునే అలవాటు ఉంటే ఇక్కడ తీసేయండి. వాటి గుండా చూసినప్పుడు కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడిపోతాయి. కెమెరా పాడైందేమోనని కంగారుపడేవారిని నేను చూశాను.

తెర మీద ఎలక్ట్రానిక్ లెవెల్ చూపించే వీలుంటే దాన్ని తప్పక ఆన్ చేసుకోండి. ఏటవాలుగా చూస్తున్నప్పుడు కంటికి మొదట తెలియకుండా పోయేది క్షితిజరేఖ వంపే. బొమ్మ సరిగా కనిపించకపోయినా లెవెల్ గీత రంగు మారడం దాదాపు ప్రతి కోణంలోనూ తెలుస్తుంది.

మరో ఉపాయాన్ని జనం తరచుగా మరచిపోతారు. మీరు వెనక్కి జరిగి కాస్త పొడవైన ఫోకల్ లెంగ్త్ (దూరపు వస్తువును దగ్గరగా చూపే లెన్సు) వాడితే అవసరమైన వంపే తగ్గిపోతుంది. ఒక విగ్రహం పాదాల దగ్గర నిలబడి దాని ముఖాన్ని తీయాలంటే కెమెరాను దాదాపు నిలువుగా పైకెత్తాలి. ఎత్తుకు మూడు నాలుగు రెట్లు దూరం వెళితే పదిహేను, ఇరవై డిగ్రీల వంపు సరిపోతుంది, వ్యూఫైండర్‌కు కన్ను హాయిగా ఆనుతుంది. దృక్కోణం మారుతుందన్నది నిజమే. దగ్గరితనం వల్ల వచ్చే ఆ భారీతనమే మీకు కావాల్సినదైతే ఈ ఉపాయం పనికిరాదు.

నేలమీద బోర్లా పడుకోవడాన్ని కూడా నేను ఒక మార్గంగానే లెక్కిస్తాను. తడి నేలకు ఒక పలుచని ప్లాస్టిక్ పట్టా, మోచేతుల కింద పెట్టుకోవడానికి ఒక చిన్న దిండు ఉంటే, వ్యూఫైండర్‌లో నేరుగా చూస్తూ తీసినంత స్పష్టత ఏ సాధనమూ ఇవ్వదు. మోకాళ్ళు, నడుము సహకరించనివారికి, ముళ్ళు, బురద ఉన్న చోటికి, లెన్సు నేలను తాకేంత కింద ఉండాల్సిన చోటికి మాత్రం మిగతా మార్గాలు కావాలి.

మూడో అడుగు: డీఎస్ఎల్ఆర్ ఉన్నవారు యాంగిల్ ఫైండర్‌ను పరిశీలించండి

డీఎస్ఎల్ఆర్ అంటే లెన్సు దృశ్యాన్ని లోపలి అద్దం ద్వారా నేరుగా వ్యూఫైండర్‌లో చూపే కెమెరా. దాని వ్యూఫైండర్ ఐపీస్‌కు (కన్ను ఆనించే కిటికీకి) తగిలించే మోచేయి ఆకారపు చిన్న గొట్టాన్ని యాంగిల్ ఫైండర్ అంటారు. లోపలి పట్టకాలు కాంతిని 90 డిగ్రీలు మళ్ళిస్తాయి కాబట్టి కెమెరా వెనుక ఉండాల్సిన కన్ను దాని పైన ఉంటే చాలు. ఇందులో బ్యాటరీ లేదు, ఆలస్యం లేదు, ఎండలో వెలిసిపోయే తెర లేదు. నేల మట్టంలో కదిలే జీవులను తీసేవారికి ఇంతకన్నా మంచి సాధనం లేదని నా అభిప్రాయం. 2005 నాటి మొదటి కెనాన్ ఈఓఎస్ 5డీలా లైవ్ వ్యూ అసలే లేని కెమెరా మీ దగ్గర ఉంటే, కింద చెప్పబోయే తెర ఆధారిత మార్గాలేవీ పనిచేయవు. మీకు ఇదే దిక్కు.

కొనేముందు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది ఐపీస్ ఆకారం. నికాన్ డీఆర్-6 దీర్ఘచతురస్రాకారపు ఐపీస్ ఉన్న కెమెరాలకు, డీఆర్-5 గుండ్రని ఐపీస్ ఉన్న డీ810 వంటి కెమెరాలకు సరిపోతాయి. ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు. కెనాన్ యాంగిల్ ఫైండర్ సి వేర్వేరు ఐపీస్‌లకు తగిన అడాప్టర్లతో వచ్చేది. రెండోది వృద్ధీకరణ. కెనాన్ సాధనంలో 1.25, 2.5 రెట్లు, నికాన్ డీఆర్-6లో 1, 2 రెట్లు మార్చుకోవచ్చు. తక్కువ వృద్ధీకరణలో ఫ్రేము మొత్తం కనిపిస్తుంది, ఎక్కువలో నడిమి భాగమే కనిపిస్తుంది. ఫ్రేమును కూర్చుకునేటప్పుడు తక్కువది, చేత్తో ఫోకస్ సరిచేసేటప్పుడు ఎక్కువది వాడాలి. మూడోది బొమ్మ సరైన దిశలో కనిపిస్తుందా అన్నది. పైన చెప్పినవి బొమ్మను తలకిందులు చేయకుండా, ఎడమ కుడులు మార్చకుండా చూపిస్తాయి. సాదాసీదా సాధనాల్లో కొన్ని ఎడమను కుడిగా చూపిస్తాయి. కదిలే వస్తువును వాటితో అనుసరించడం చాలా కష్టం.

తగిలించే క్రమం కూడా ముఖ్యమే. ముందుగా యాంగిల్ ఫైండర్ లేకుండా వ్యూఫైండర్‌లో చూస్తూ, కిందనున్న అంకెలు స్పష్టంగా కనిపించేదాకా కెమెరా డయాప్టర్ చక్రాన్ని (వ్యూఫైండర్‌ను మీ చూపుకు తగ్గట్టు స్పష్టం చేసేదాన్ని) తిప్పండి. ఆ తర్వాత ఐపీస్ చుట్టూ ఉన్న రబ్బరు ఐకప్ తీసేసి, సాధనాన్ని ఐపీస్ గాడిలో పైనుంచి కిందికి, టక్కున కూర్చునేదాకా దించండి; గుండ్రని ఐపీస్ అయితే మరలాగా తిప్పి బిగించండి. ఇప్పుడు సాధనానికి ఉన్న సొంత డయాప్టర్‌ను తిప్పి, అవే అంకెలను మళ్ళీ స్పష్టం చేసుకోండి. ఈ రెండో సర్దుబాటు చేయకపోతే, కంటికి మసకగా కనిపించేది లెన్సు ఫోకస్ లోపమా, సాధనం లోపమా అన్నది తేలదు. వృద్ధీకరణ మార్చిన ప్రతిసారీ డయాప్టర్‌ను ఒకసారి చూసుకోవడం మంచిది.

సాధనం తన అక్షం చుట్టూ తిరుగుతుంది కాబట్టి కెమెరాను నిలువుగా పట్టినప్పుడు ఐపీస్‌ను మళ్ళీ పైవైపు తిప్పుకోవచ్చు. గోడకు వీపు ఆనించినట్టు కెమెరాను ఒక మూలకు నెట్టాల్సి వచ్చి, వెనుక తల పెట్టే చోటే లేనప్పుడు దాన్ని పక్కకు తిప్పి చూడవచ్చు. కళ్ళద్దాలు వాడేవారికి నాలుగు మూలలూ ఒకేసారి కనిపించకపోవచ్చు. కళ్ళద్దాలు తీసి డయాప్టర్‌తో సరిపెట్టుకోగలిగితే మేలు. ఒక హెచ్చరిక: చాలా డీఎస్ఎల్ఆర్ ఫోకసింగ్ స్క్రీన్లు (వ్యూఫైండర్‌లో బొమ్మ పడే గాజు పలకలు) ఎఫ్/2.8 కన్నా విశాలమైన అపెర్చర్ల (లెన్సు లోపలి రంధ్రాల; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) తక్కువ ఫీల్డ్ లోతును, అంటే స్పష్టంగా వచ్చే మేరను, ఉన్నదున్నట్టు చూపించవు. ఎఫ్/1.4 లెన్సుతో నేలమీది చిన్న పువ్వును చేత్తో ఫోకస్ చేసి, ఈ సాధనంలో స్పష్టంగా కనిపించిందని నమ్మేస్తే నిరాశ తప్పదు. అక్కడ లైవ్ వ్యూను పెద్దది చేసి చూసుకోవాలి.

తలపైకి ఎత్తే కెమెరాకు ఈ సాధనం ఉపయోగపడదు, ఎందుకంటే కన్ను ఎలాగూ ఐపీస్‌కు ఆనాల్సిందే. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి దీన్ని తగిలించే గాడి కూడా ఉండదు. వాటిలో కొన్నింటికి వేరే దారి ఉంది. 2009లో వచ్చిన ఒలింపస్ వీఎఫ్-2, లైకా ఎం కెమెరాల కోసం వచ్చిన విజోఫ్లెక్స్ వంటి ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్లను కెమెరా నెత్తిన తగిలించి, 90 డిగ్రీల దాకా పైకి తిప్పి, కిందికి చూస్తూ ఫొటో తీయవచ్చు. మీ కెమెరా తయారీదారు అలాంటిది ఇచ్చి ఉంటే, కదలని తెర ఇబ్బందిలో సగం దానితోనే తీరుతుంది.

నాలుగో అడుగు: ఒక చిన్న అద్దంతో ప్రయత్నించండి

మామూలు అద్దం ఇంత పనికొస్తుందని చాలామంది ఊహించరు. లైవ్ వ్యూ పెట్టిన కెమెరా నేలమీద ఉందనుకోండి. తెర వెనుక 45 డిగ్రీల వాలులో, ముఖం తెరవైపూ మీవైపూ ఉండేలా అద్దాన్ని నిలబెడితే పైనుంచి చూసే మీకు తెర మొత్తం కనిపిస్తుంది. సుమారు 3.2 అంగుళాల తెర ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు. వాలుగా ఉన్న అద్దం దానికి 1.4 రెట్లు, అంటే ఆరున్నర సెంటీమీటర్ల దాకా పొడవు ఉండాలి. వెడల్పు ఏడు సెంటీమీటర్లు కావాలి. అద్దం తెరకు అంటుకుని ఉండదు కాబట్టి పది సెంటీమీటర్ల చదరపు అద్దం తీసుకుంటే సర్దుకోవడం తేలిక.

అద్దంలో బొమ్మ ఎలా మారుతుందో ముందే తెలుసుకోవాలి. లెన్సు చూసే దిక్కుకే మీరూ ముఖం పెట్టి కిందికి చూస్తే, ఎడమ ఎడమగానే, కుడి కుడిగానే ఉంటాయి. పైభాగం మాత్రం కిందికి, కిందిభాగం పైకి వస్తాయి. కాబట్టి కెమెరాను పక్కలకు జరపడం సహజంగానే ఉంటుంది, పైకీ కిందికీ వంచేటప్పుడు బొమ్మ వ్యతిరేకంగా కదిలినట్టు అనిపిస్తుంది. పది నిమిషాల సాధనతో ఇది అలవాటవుతుంది. తెర మీది అంకెలు తలకిందులుగా కనిపిస్తాయి కనుక షట్టర్ వేగం, అపెర్చర్, ఐఎస్ఓ ముందే పెట్టుకోవాలి. తెరను తాకి ఫోకస్ చేసేవారు ఫోకస్ బిందువును కూడా ముందే తగిన చోట ఉంచుకోవాలి.

ట్రైపాడ్ మీది కెమెరా నడినెత్తికి గురిపెట్టి ఉన్నప్పుడు తెర నేలకు ఎదురుగా ఉంటుంది. అప్పుడు కూడా అద్దాన్ని తెర కింద 45 డిగ్రీల వాలులో పట్టుకుంటే, నేలమీద పడుకోకుండా, మెడ విరుచుకోకుండా, ఎదురుగా చూస్తూ నక్షత్రానికి ఫోకస్ చేసుకోవచ్చు. లైవ్ వ్యూలో ఒక మెరిసే నక్షత్రాన్ని 10 రెట్లు పెద్దది చేసి, అది అతి చిన్న చుక్కయ్యేదాకా ఫోకస్ రింగు తిప్పడానికి బొమ్మ తలకిందులైనా ఏ నష్టమూ లేదు. పగటిపూట వాడితే అద్దం మీద ఎండ పడకుండా చేతి నీడ పెట్టండి. కంట్లోకి కొట్టే మెరుపు ప్రమాదకరం.

ఐకప్ దగ్గర ఏదైనా వస్తే తెర ఆరిపోయేలా చేసే కంటి సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో, అద్దమో చెయ్యో అడ్డొచ్చి తెర నల్లబడుతూ ఉంటుంది. మెనూలో ఆ స్వయంచాలక మార్పును ఆపి, తెర మాత్రమే పనిచేసేలా పెట్టుకోండి.

ఐదో అడుగు: ఫోన్‌ను తిరిగే తెరగా మార్చుకోండి

వైఫై ఉన్న కెమెరా మీ దగ్గర ఉంటే, కదలని వస్తువులకు ఇది అన్నిటికన్నా సుఖమైన మార్గం. కెనాన్‌కు కెమెరా కనెక్ట్, నికాన్‌కు స్నాప్‌బ్రిడ్జ్, ఫుజీఫిల్మ్‌కు ఎక్స్‌యాప్ అనే యాప్‌లు ఉన్నాయి. అన్ని కెమెరాలూ లైవ్ దృశ్యాన్ని పంపలేవన్నది ముందుగా గమనించాలి. నికాన్ డీ3500లో బ్లూటూత్ మాత్రమే ఉంది. దానితో ఫోన్ నుంచి షట్టర్ నొక్కవచ్చు గానీ లైవ్ దృశ్యాన్ని ఫోన్‌లో చూడలేరు. మీ కెమెరా పేరు యాప్ జాబితాలో ఉండడం ఒక్కటే సరిపోదు, రిమోట్ లైవ్ వ్యూ పనిచేస్తుందో లేదో నిర్ధారించుకోవాలి.

అమరికను ఇంటి దగ్గరే, తీరిక సమయంలో పూర్తి చేసుకోండి. కెమెరా బ్యాటరీ నింపి, స్వయంగా ఆరిపోయే సమయాన్ని పొడిగించి, వైఫై ఆన్ చేసి, ఫోన్‌ను ఆ నెట్‌వర్క్‌కు కలపాలి. ఇక్కడే చాలామంది విసిగిపోతారు. కెమెరా ఇచ్చే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోన్ దాన్ని పనికిరాని నెట్‌వర్క్‌గా భావించి, చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. కలిపేముందు మొబైల్ డేటా ఆపేయడం, ఇంటర్నెట్ లేకున్నా కొనసాగాలా అని ఫోన్ అడిగినప్పుడు కొనసాగించమనడం, యాప్ అడిగిన లొకేషన్, సమీప పరికరాల అనుమతులు ఇవ్వడం అనే మూడింటితో ఈ చిక్కుల్లో ఎక్కువభాగం తీరిపోతుంది.

కలిసిన తర్వాత ఫోన్‌ను చేతిలో పట్టుకోవడం కన్నా, కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే హాట్ షూలో కూర్చునే ఫోన్ హోల్డర్‌కు బిగించి, కావలసిన వైపు వంచుకోవడం మేలు. అప్పుడు రెండు చేతులూ కెమెరా మీదే ఉంటాయి, ఫోన్ అచ్చంగా తిరిగే తెరలా పనిచేస్తుంది. ట్రైపాడ్ నడిమి స్తంభాన్ని తలకిందులు చేసి కెమెరాను కాళ్ళ మధ్య వేలాడదీసినప్పుడు మాత్రం ఫోన్‌ను విడిగా ట్రైపాడ్ కాలికి తగిలించండి. కాళ్ళ మధ్య దూరి చూడాల్సిన అవసరం ఉండదు.

వైఫైలో దృశ్యం క్షణంలో కొంత భాగమైనా ఆలస్యంగా వస్తుంది. రేకులు విప్పిన పువ్వుకు, నిలిచిన నీటికి, బల్లమీది వస్తువుకు ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. ఎగరబోయే తూనీగకు అదే సర్వస్వం. కెమెరా తడి నేలమీద, మీ శరీరానికి అవతల ఉంటే సంకేతం బలహీనపడి బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఒక అడుగు పక్కకు జరిగినా తేడా తెలుస్తుంది. లైవ్ వ్యూ బ్యాటరీని ఎంత తింటుందో తెలియడానికి ఒక ఉదాహరణ: కెనాన్ 5డీ మార్క్ 4కు తయారీదారు ప్రకటించిన లెక్క ప్రకారం ఒక బ్యాటరీతో వ్యూఫైండర్‌లో సుమారు 900 ఫొటోలు, లైవ్ వ్యూలో సుమారు 300 ఫొటోలు వస్తాయి. వైఫై దానికి అదనపు భారం. ఇంకో బ్యాటరీ లేకుండా ఈ మార్గంలో బయటికి వెళ్ళకండి.

పాత డీఎస్ఎల్ఆర్‌లలో లైవ్ వ్యూ ఆటోఫోకస్ చాలా నెమ్మది. 2013లో కెనాన్ 70డీతో డ్యూయల్ పిక్సెల్ అనే ఆటోఫోకస్ పద్ధతి వచ్చాకే కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల లైవ్ వ్యూ ఫోకస్ చురుకైంది. మీ కెమెరా అంతకు ముందుదైతే, చేత్తో ఫోకస్ చేయడమే తక్కువ సమయం తీసుకుంటుంది.

వైఫై లేని కెమెరాకు యూఎస్‌బీ తీగ ఉంది. ఓటీజీ (యూఎస్‌బీ పరికరాలను ఫోన్‌కు నేరుగా కలిపే) సౌకర్యమున్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు తీగతో కలిపి, డీఎస్ఎల్ఆర్‌ను నడిపే యాప్‌లో లైవ్ దృశ్యం చూడవచ్చు. లాప్‌టాప్ ఉంటే కెనాన్ వారి ఈఓఎస్ యుటిలిటీ, విండోస్‌లో ఉచితంగా దొరికే డిజీక్యామ్‌కంట్రోల్, లినక్స్‌లో జీఫోటో2 ఇదే పనిని పెద్ద తెర మీద చేస్తాయి. బల్లమీద వస్తువులను నిట్టనిలువుగా పైనుంచి తీసేవారికి, పాత పత్రాలను కాపీ చేసేవారికి లాప్‌టాప్ మార్గం అన్నిటికన్నా నిలకడైనది. తీగ కాలికి తగిలి కెమెరా కిందపడకుండా దాన్ని ట్రైపాడ్ కాలికి ఒకచోట కట్టేయండి.

ఆరో అడుగు: వీడియో కూడా తీస్తే బయటి మానిటర్

హెచ్‌డీఎంఐ ద్వారా దృశ్యాన్ని ఇచ్చే కెమెరాకు 5 లేదా 7 అంగుళాల ఫీల్డ్ మానిటర్ తగిలించవచ్చు. తీగ ద్వారా వస్తుంది కాబట్టి ఆలస్యం వైఫై కన్నా చాలా తక్కువ, బొమ్మ నాణ్యత ఎక్కువ. ఫోకస్ అంచులను రంగుతో చూపించే పీకింగ్, బొమ్మను తలకిందులుగా తిప్పే సౌకర్యం ఈ మానిటర్లలో చాలావాటికి ఉంటాయి. మానిటర్‌ను కెమెరా కింద వేలాడదీయాల్సి వచ్చినప్పుడు ఆ రెండోది ఎంతో పనికొస్తుంది. ఫొటోలు మాత్రమే తీసేవారికి ఈ బరువు, అదనపు బ్యాటరీలు, తీగల గొడవ అవసరమని నేను అనుకోను.

కొంటే తీగ కొసను సరిచూసుకోండి. 5డీ మార్క్ 4, డీ810 వంటి వాటికి మినీ హెచ్‌డీఎంఐ, ఎక్స్-ప్రో2 వంటి వాటికి మైక్రో హెచ్‌డీఎంఐ కావాలి. మైక్రో కొస చాలా సున్నితమైనది. తీగ బరువు సాకెట్ మీద పడకుండా, కెమెరా పట్టీకో, కెమెరా చుట్టూ బిగించే చట్రమైన కేజ్‌కో ఒకచోట కట్టాలి. తర్వాత కెమెరాలో లైవ్ వ్యూ ఆన్ చేసి, మెనూలో హెచ్‌డీఎంఐ సమాచార ప్రదర్శనను ఆపితే, అంకెలు లేని శుభ్రమైన బొమ్మ వస్తుంది. తీగ పెట్టగానే కెమెరా సొంత తెర ఆరిపోతే కంగారుపడనక్కర్లేదు, కొన్ని కెమెరాల తీరే అంత. ఆరుబయట వాడేవారు 1000 నిట్స్ (తెర వెలుగు కొలత) లేదా అంతకు మించిన వెలుగున్న మానిటర్‌ను ఎంచుకోవాలి. తక్కువ వెలుగున్నదాన్ని ఎండలో నీడతొడుగు పెట్టి చూడాల్సి వస్తుంది.

ఏడో అడుగు: చూడకుండా తీయడాన్ని సాధన చేయండి

కదిలేవాటిని నేల మట్టం నుంచి గానీ, తలపైనుంచి గానీ చేతిలోని కెమెరాతో తీయాల్సి వస్తే, చివరికి ఈ నేర్పే ఆదుకుంటుంది. దీన్ని అదృష్టం మీద ఆధారపడే పని అనుకోవడం తప్పు, ఎందుకంటే దీనికి స్పష్టమైన లెక్క ఉంది.

లెన్సు ఎంత విశాలమైతే గురి తప్పినా అంతగా క్షమిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను (36×24 మిల్లీమీటర్ల సెన్సర్ ఉన్నదాన్ని) అడ్డంగా పట్టినప్పుడు 24 మిల్లీమీటర్ల లెన్సు నిలువుగా సుమారు 53 డిగ్రీలు, 50 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 27 డిగ్రీలు చూస్తాయి. మీ మణికట్టు పది డిగ్రీలు తప్పితే మొదటిదానిలో వస్తువు ఫ్రేములోనే ఉంటుంది, రెండోదానిలో తల తెగిపోతుంది. అందుకే విశాలమైన లెన్సుతో, అనుకున్న దానికన్నా కాస్త ఎక్కువ చోటు వదిలి తీసి, తర్వాత అంచులు కత్తిరించుకోవాలి. 24 మెగాపిక్సెళ్ళ ఫొటో 6000×4000 పిక్సెళ్ళది. పొడవునూ వెడల్పునూ ఐదో వంతు చొప్పున తగ్గించినా 4800×3200, అంటే 15 మెగాపిక్సెళ్ళకు పైగా మిగులుతాయి. సాధారణ ముద్రణకు అది ధారాళంగా సరిపోతుంది.

ఫోకస్‌ను కెమెరా నిర్ణయానికి వదలకుండా ముందే స్థిరపరచడం మంచిది. 24 మిల్లీమీటర్ల లెన్సును ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/8 దగ్గర పెట్టి, సుమారు 2.4 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా అంతా తగినంత స్పష్టంగా వస్తుంది. అంతకన్నా చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సి కెమెరాలో 18 మిల్లీమీటర్లకు అదే అపెర్చర్‌లో 2 మీటర్ల దూరం పెడితే ఒక మీటరు నుంచి అనంతం దాకా వస్తుంది. ఇలా ఫోకస్ పెట్టే దూరాన్నే హైపర్‌ఫోకల్ దూరం అంటారు. లెన్సు మీద దూరాల గీతలు లేకపోతే, 2.4 మీటర్ల దూరంలో ఉన్న వస్తువుకు ఆటోఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చి, రింగు మీద చిన్న టేపు ముక్క అంటించండి. ముఖాలను గుర్తించి ఫోకస్ చేసే మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవారు, జనాన్ని తీసేటప్పుడు ఆ పనిని కెమెరాకే వదిలేయవచ్చు. షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గకుండా పెట్టి, ఒకేసారి మూడు నాలుగు ఫ్రేములు వచ్చేలా వరుస చిత్రీకరణ ఆన్ చేసుకోండి.

సాధన ఇలా చేయాలి. గోడమీద కంటి ఎత్తులో ఒక గుర్తు పెట్టి, మూడు మీటర్ల దూరంలో నిలబడి, కెమెరాను చీలమండ దగ్గర పట్టుకుని ఆ గుర్తు ఫ్రేము నడుమకు వస్తుందనుకున్న వంపులో పది ఫొటోలు తీయండి. చూసుకుంటే గుర్తు ప్రతి ఫొటోలోనూ ఒకే వైపుకు జరిగి ఉండడం గమనిస్తారు. ప్రతి చేతికీ ఒక స్థిరమైన తప్పు ఉంటుంది. అది తెలిస్తే మణికట్టును అంతమేర సరిచేసుకోవడం ఒకటి రెండు రోజుల పని. చేతులు పైకి చాపిన భంగిమలో కూడా ఇదే అభ్యాసం విడిగా చేయాలి, ఎందుకంటే అక్కడి తప్పు వేరుగా ఉంటుంది.

చేతికి అందని ఎత్తు కావాలంటే కెమెరాను మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) చివర, ఎటైనా వంచుకోగలిగే బాల్ హెడ్‌కు బిగించి పైకెత్తవచ్చు. మోనోపాడ్‌ను నిలువుగా నేలమీద నిలబెట్టినప్పుడే లెన్సును 20 నుంచి 30 డిగ్రీలు కిందికి వంచి బిగించండి. పైకెత్తాక సరిచేయడానికి వీలుండదు. రెండు మూడు సెకన్లకొక ఫొటో వచ్చేలా ఇంటర్వెల్ టైమర్ పెట్టి, ఎత్తి, మోనోపాడ్‌ను నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి తిప్పుతూ, ప్రతి చోటా రెండు ఫ్రేములకు సరిపడా ఆగండి. ఫోన్ కలిపి ఉంటే పైనుంచి దృశ్యం చూస్తూ తీయవచ్చు, అప్పుడు వృథా తగ్గుతుంది. కెమెరా పట్టీని మోనోపాడ్‌కు రెండు చుట్లు చుట్టి ముడివేయండి, స్క్రూ వదులైనా అది కింది వారి తలమీద పడకూడదు. విద్యుత్ తీగలు ఉన్న చోట మోనోపాడ్‌ను అసలు ఎత్తకండి. అది అల్యూమినియందైనా కార్బన్ ఫైబర్‌దైనా కరెంటును మోసుకొస్తుంది.

కెమెరాకు కన్ను ఆనించని ప్రతి సందర్భంలోనూ డీఎస్ఎల్ఆర్ వాడేవారు ఇంకో పని చేయాలి. వ్యూఫైండర్ పద్ధతిలో తీస్తున్నప్పుడు ఐపీస్ నుంచి వెనుక వెలుగు లోపలికి చొరబడి, వెలుగును కొలిచే మీటర్‌ను మోసం చేస్తుంది, ఫొటో అనుకున్న దానికన్నా చీకటిగా వస్తుంది. సూర్యుడు మీ వీపు వెనుక ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. కెమెరాతో వచ్చిన ఐపీస్ మూతను తగిలించండి, లేదా ఎక్స్‌పోజర్‌ను ముందే మాన్యువల్‌లో స్థిరపరచండి. లైవ్ వ్యూలో వెలుగు కొలత ఫొటో తీసే సెన్సర్ నుంచే జరుగుతుంది కాబట్టి అప్పుడు ఈ జాగ్రత్త అక్కర్లేదు.